పదునెనిమిది పత్రములు

మాబోటి ఉపాధ్యాయుని యింట తప్పక ఒక ఇనుపపెట్టె యుండును. అందులో పుట్టినతేదీ కాగితము మొదలుకొని పట్టాలు, నియామకపుటుత్తరువులు, బదిలీ యుత్తరువులు, సర్వీసుపుస్తకపు నకళ్లు భద్రముగా నుండును. 2020వ సంవత్సరము చివర మా పెట్టెలో మఱి పదునెనిమిది కాగితములు చేరినవి. రంగులయంచులు, నడుమ పెద్ద యక్షరములతో మా పేరు, చూచుటకు ముచ్చటగానే యుండును. 'నిష్ఠ' యను శిక్షణమును మేము 'దీక్ష' యను వేదికమీద పూర్తిచేసితిమని అవి సాక్ష్యమిచ్చుచున్నవి. ఆ పదునెనిమిదింటిలో మేము నిజముగా చదివి సంపాదించినవి రెండు. తక్కిన పదునాఱును ఎట్లు వచ్చినవో, వానిలో నొకదాని మూలమున మాకెట్టి తలవంపు కలిగెనో నేడు చదువరులకు చెప్పుకొనవలెనని కూర్చుంటిమి. పరుల లోపములనుగూర్చి వ్రాయుట సులభము. వీధి యూడ్చువాడు ముందు తన వాకిలి యూడ్చుకొనవలెనని మా పెద్దలు చెప్పుచుండెడివారు.

ఉపాధ్యాయవృత్తిలో లేని వారికొఱకు ముందుగా ఈ పేరుల సంగతి చెప్పవలెను. 'దీక్ష' 2017 సెప్టెంబరు 5వ తేదీన, ఉపాధ్యాయదినోత్సవమునాడు, అప్పటి ఉపరాష్ట్రపతి శ్రీ వెంకయ్యనాయుడుగారు ప్రారంభించిన అంతర్జాలవేదిక. 'నిష్ఠ' 2019 ఆగస్టులో కేంద్రప్రభుత్వము మొదలుపెట్టిన శిక్షణము. ఎనిమిదవ తరగతివఱకు బోధించువారికిని, వారి ప్రధానోపాధ్యాయులకును కలిపి 42 లక్షలమందికి దానినందించవలెనని సంకల్పము. మొదట ఉపాధ్యాయులను ఒకచోట చేర్చి ఎదుటనే చెప్పిరి. తరువాత కరోనా వచ్చి బడులు మూతపడగా ఆ శిక్షణము సెల్‌ఫోనులోనికి మాఱినది. అట్లు మాఱిన తొలి కార్యక్రమము 2020 జూలై 16న మన ఆంధ్రప్రదేశపు శిక్షకులు 1,200 మందికై మొదలైనది. పిమ్మట మావంటి సామాన్యుల వంతు వచ్చినది. భాషాబోధనము, గణితబోధనము, పిల్లల ఆరోగ్యము, మూల్యాంకనము, బాలబాలికల సమానత్వము, బాలల హక్కులు మొదలైన పదునెనిమిది భాగములు. 'దీక్ష', 'నిష్ఠ' యను పేరులు రెండును ఆంగ్లపదముల మొదటి యక్షరములు కూర్చి చేసినవే. అయినను సంస్కృతము చదివిన మా చెవికి అవి గంభీరముగా వినబడినవి. దీక్షయనగా వ్రతమునకు పూనుకొనుట. నిష్ఠయనగా ఆ వ్రతమునందు చలింపక నిలుచుట. మేము ఆ దీక్షలో ఆ నిష్ఠను నిద్రపోవుచు సాధించితిమి.

అది యెట్లనగా: ఒక్కొక్క భాగములో కొన్ని వీడియోలు, చదువదగిన కొన్ని పుటలు, చివర ప్రశ్నలు ఉండును. వీడియోను వ్రేలితో చివరకు జరిపిన చాలును, చూచినట్లే లెక్క. ప్రతిసాయంకాలము పైకార్యాలయమునుండి వాట్సాపులో ఒక పట్టిక వచ్చుచుండెను. ఏ పాఠశాలలో నెందఱు పూర్తిచేసిరి, ఎవరు చేయలేదు అను వివరములు అందులో నుండును. చేయనివారి పేరులకు ఎఱ్ఱరంగు. ఇరువదియేండ్లుగా పిల్లల పేరులక్రింద ఎఱ్ఱగీతలు గీచిన మాకు మా పేరు ఎఱ్ఱగా కనబడుట ప్రాణసంకటమైనది. మొదటి రెండు భాగములు శ్రద్ధగా చదివితిమి. మూడవది మొదలుపెట్టుసరికి మిత్రుడొకడు ప్రశ్నలకు జవాబులన్నియు వరుసగా గ్రూపులో పెట్టెను. మా అమ్మాయి అప్పు డెనిమిదవ తరగతి. దాని చేతికి ఫోనిచ్చి, జవాబుల పట్టిక చూపి, "కాస్త ఇది నొక్కిపెట్టు తల్లీ" అని మేము మంచమెక్కితిమి. తెల్లవారుసరికి రెండు భాగములు పూర్తియైనవి. పట్టికలో మా పేరు పచ్చబడినది. పదిమంది యెదుట శభాషనిపించుకొంటిమి.

నెలదినములు కాలేదు. ఒకనాడు మా అమ్మాయి బడిపాఠము ఫోనులో వచ్చుచుండెను. ఫోను గోడకు చేరగిలబడి తనలో తాను మాటలాడుకొనుచున్నది. పిల్ల వసారాలో పిన్నికూతురితో అష్టాచెమ్మా ఆడుచున్నది. మేము మండిపడితిమి. చదువు విలువనుగూర్చి మాకు తెలిసినదంతయు ఒక్క గ్రుక్కలో చెప్పితిమి. పిల్ల తల వంచుకొని విని, "మీ కోర్సులన్నీ నేను ఇలాగే చేశాను కదా నాన్నా!" అన్నది. అందులో ఎత్తిపొడుపు లేదు, నిజముగానే సందేహము. మేము "పెద్దవాళ్ల సంగతి వేఱు" అని లోపలికి పోయితిమి. ఎట్లు వేఱో ఆనాడును చెప్పలేదు, ఈనాడును చెప్పలేము.

ఇంతమాత్రమున, దూరమునుండి నేర్చు చదువులన్నియు బూటకములని మేము చెప్పబోవుటలేదు. ఆ మాట యనుట కృతఘ్నత యగును. పనిచేసికొనుచు చదువుకొనగోరువారికై దేశములోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము 1982లో మన తెలుగుగడ్డమీదనే పుట్టినది. నేడు దానికి డాక్టరు అంబేద్కరు పేరున్నది. దాని మొదటి ఉపాధ్యక్షులు జి. రామరెడ్డిగారే 1985లో ఏర్పడిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయమునకును మొదటి ఉపాధ్యక్షులైరి. ఉద్యోగములో చేరిన పిమ్మట మేము ఆంగ్లసాహిత్యమున ఎం.ఏ. చదివినది ఆ రెండవదానియందే. పుస్తకములు టపాలో వచ్చుచుండెను. ఇంటివద్ద వ్యాసములు వ్రాసి పంపగా, మేమెన్నడు చూడని యొక అధ్యాపకుడు వానిని దిద్ది తిరిగి పంపుచుండెను. షేక్స్పియరు నాటకముపై మేము వ్రాసిన మొదటి వ్యాసము చివర ఎఱ్ఱసిరాతో రెండు వాక్యము లుండెను: విమర్శకులు చెప్పినది మీరు చక్కగా వ్రాసినారు, నాటకమును మీరు చదివినారా? మేము చదువలేదు. గైడు చూచి వ్రాసితిమి. ఆ మనుష్యుడెవరో, ఏ యూరివాడో మాకు తెలియదు. కాని వందలమైళ్ల దూరమునుండి మమ్ములను పట్టుకొనెను. ఆ రాత్రి సిగ్గుతో నాటకము తెఱచితిమి. నేడు తరగతిలో మేము చెప్పగలిగిన ఆంగ్లము ఏపాటి యైనను ఆ రాత్రినుండి మొదలైనదే. కనుక దోషము దూరమున లేదు. మేము వ్రాసినదానిని చదువువాడు ఆవల నొకడుండెను. ఫోనులోని కోర్సునకు ఆవల నెవ్వడును లేడు, లెక్క మాత్రమే యున్నది.

ఇక తలవంపు సంగతి. బడులు మరల తెఱచిన కొంతకాలమునకు ఒకవారము ప్రధానోపాధ్యాయులు సెలవులో నుండగా వారి కుర్చీలో మేము కూర్చుంటిమి. ఒక మధ్యాహ్నము మా పాఠశాలలో గణితము చెప్పు టీచరుగారు వచ్చి తలుపు దగ్గఱగా వేసి, ఒక చిన్నతరగతి బాలిక తనతో చెప్పుకొన్న విషయమును నాలుగుమాటలలో చెప్పిరి. ఆ నాలుగుమాటలు ఇచ్చట వ్రాయము. బాలికను గుర్తింపనిచ్చు వివరములు చెప్పుట చట్టవిరుద్ధము, మర్యాదకును విరుద్ధము. మేము నిర్ఘాంతపోయితిమి. మా మనస్సులో మొదట మెదలినవి మూడు: పిల్లను పిలిపించి మేమే మరల అడుగుట, ఇంటికి కబురుపెట్టి పెద్దవాండ్రను రప్పించుట, సంగతి బయటికి పొక్కకుండ ఊరిలో నలుగురిచేత మందలింపించుట. మూడును మంచియూహలని నమ్మితిమి. పిల్ల పరువు, బడి పేరు అను మాటలు కూడ మా నోట వచ్చినవి.

టీచరుగారు నిలుచుండియే మెల్లగా ననిరి: "మాస్టారూ, పిల్లను మళ్లీ పిలిచి అడగకండి. ఎన్నిసార్లు చెప్పిస్తే అన్నిసార్లు దానికి అదే బాధ. ఇంటికి కబురు ఎవరికి పెడతాం? ఆ మనిషి ఆ ఇంట్లోనే ఉన్నాడు."

"నిజమో కాదో తెలియకుండా పోలీసుల దాకా ఎలా పోతామమ్మా?" అంటిమి.

"నిజమో కాదో తేల్చేది మనం కాదు మాస్టారూ. అనుమానం కలిగితే చాలు, తెలియజెయ్యాలి. తెలియజెయ్యకపోతే అది మన నేరం. ఇదంతా మన కోర్సులోనే ఉంది కదండీ. మీరూ పూర్తిచేశారు కదా!"

మేము పూర్తిచేసితిమి. పత్రము పెట్టెలో నున్నది. బాలల హక్కులు, లైంగిక నేరములనుండి బాలలను రక్షించు 2012వ సంవత్సరపు చట్టము, అందఱు 'పోక్సో' యను చట్టము, ఇవన్నియు నేర్చుకొంటిమని అందులో మా పేరు అచ్చై యున్నది. తెలిసియో అనుమానించియో తెలుపకున్నవానికి ఆఱునెలల వఱకు కారాగారమో జరిమానాయో, రెండునో పడవచ్చుననియు, సంస్థకు బాధ్యుడై యుండి తన క్రిందివాని నేరమును దాచినవానికి ఆ శిక్ష ఏడాదివఱకు పోవచ్చుననియు ఆ చట్టములో నున్నది. బాలిక వాఙ్మూలమును ఆమె యింటిలోనో ఆమె కోరినచోటనో, సాధ్యమైనంతవఱకు స్త్రీయధికారి, పోలీసు దుస్తులు లేక తీసికొనవలెననియు నున్నది. మా బుద్ధికి తోచిన మూడు మార్గములును ఆ పిల్లను మరల ఆ యింటికే అప్పగించునవి. శిక్షకు వెఱచి ఈ మాట చెప్పుటలేదు. ఒక పసిపిల్ల బ్రదుకునకు, ఒక రాత్రి మేము చేసిన సుఖనిద్రకు నడుమ ఆ టీచరుగారొక్కరు నిలువకున్నచో ఏమై యుండునో తలచుకొన్నప్పుడెల్ల మాకు గుండె జలదరించును.

1098కి ఫోను చేసితిమి. ఠాణాకు తెలియజేసితిమి. సాయంకాలము మామూలు చీర కట్టుకొని ఒక స్త్రీయధికారి వచ్చెను. ఆపై జరిగినది చెప్పుట మా పని కాదు. ఆ బాలిక క్షేమముగా నున్నదనియు, చదువు మానలేదనియు మాత్రము చెప్పుదుము.

కొన్నాళ్లకు టీచరుగారిని అడిగితిమి: "అమ్మా, ఆ కోర్సు మీరెప్పుడు చదివితిరి?" వారు కొంచెము సిగ్గుపడి చెప్పిరి. ఆ యింట ఫోను ఒకటే. పగలు అబ్బాయి పాఠములకు కావలెను. రాత్రి వంటిల్లు కడిగి, అత్తగారికి మందులిచ్చి, పదిగంటలకు ఫోను చేతికి వచ్చెడిది. మేడమీద నొకమూలనే సిగ్నలు. వీడియో నడుమనడుమ ఆగిపోవుచుండుటచేత, మరల వచ్చునో రాదోయని విన్నదివిన్నట్లు ఒక పొడుగునోటుపుస్తకములో వ్రాసికొనిరి. పదునెనిమిది భాగములకు రెండు పుస్తకములు నిండినవి. అన్నియు పూర్తియగుసరికి గడువు దాటినది. వారి పేరు పట్టికలో చాలదినములు ఎఱ్ఱగానే నిలిచినది. మా పేరు పచ్చగా నుండెను. ఆ పట్టికను జూచి మేము వారికి "కొంచెం తొందరపడండమ్మా" అని హితవు చెప్పినట్లు కూడ జ్ఞాపకము!

చదువరులారా, ఇందు నింద యెవరిదని అడుగుదురా? మొదటిది మాది. దానిని పంచుకొనుమని యెవరిని కోరము. అయినను పంటలో తాలు మెండైనప్పుడు గింజనే తిట్టక నేలనుగూడ చూడవలెను. కార్యాలయము అడిగినది పూర్తియైన వారి సంఖ్య. మేమిచ్చినది సంఖ్య. ఏది లెక్కకు వచ్చునో అదియే పండును. 2020వ సంవత్సరపు జాతీయ విద్యావిధానము ప్రతి ఉపాధ్యాయుడును ఏటేట కనీసము 50 గంటలు తన వృత్తివిద్యను పెంచుకొనవలెనని చెప్పినది. సంకల్పము శ్లాఘ్యము. ఉపనిషత్కాలమునుండి మనవారు తాను చదువుటను, ఒరులకు చెప్పుటను విడదీయలేదు. తైత్తిరీయములో చదువు ముగించి యింటికి పోవు శిష్యునికి గురువు ఆ రెంటియందును ఏమఱకుమనియే చెప్పును. కాని ఆ 50 గంటలు ఏ గంటలు? బడిగంటలలోనివా, టీచరుగారు వంటిల్లు కడిగిన తరువాతివా? అవి యెక్కడనుండి వచ్చునో చెప్పకున్నచో, ఇంటిలో వెసులుబాటున్నవాడు నిద్రపోవుచు సంపాదించును, లేనిది కన్నులు కాయలుగాచునట్లు సంపాదించును. పత్రములు మాత్రము రెండును ఒక్కతీరుగానే యుండును.

ఇక పరీక్షల మాట. 2010 ఆగస్టులో జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి ఉపాధ్యాయార్హత పరీక్షను, అనగా టెట్టును, విధించినది. ఆ పత్రమునకు ఆయుర్దాయము మొదట ఏడేండ్లు; 2021లో యావజ్జీవము చేసిరి. పత్రము చావకుండుట మంచిదే. పత్రము గలవాని విద్య చావకుండుటకు మార్గమేమి? 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు, ఎనిమిదవ తరగతివఱకు బోధించువారిలో ఉద్యోగవిరమణకు ఐదేండ్లకు మించి గడువున్నవారు, ఎంత పాతవారైనను, రెండేండ్లలో ఆ పరీక్షలో ఉత్తీర్ణులు కావలెనని తీర్పు చెప్పినది. ఐదేండ్లలోపువారు పరీక్ష లేకయే కొనసాగవచ్చును గాని పదోన్నతి పొందజాలరు. ఆ వార్త వచ్చిన దినమున మా సిబ్బందిగదిలో ఏబదియేండ్లవారు కన్నీరు పెట్టుకొనుట చూచితిమి. తీర్పు తప్పొప్పులు ఇచ్చట చర్చింపము. మఱునాడే అంగడికి పోయి వారు కొన్నది గైడు. ఆ సంగతి మాత్రము చెప్పి యూరకుందుము.

కాళిదాసుని మాళవికాగ్నిమిత్రములో గణదాసుడు, హరదత్తుడు అను నాట్యాచార్యు లిరువురు తమలో నెవరధికులో తేల్చుమని రాజునొద్దకు వత్తురు. న్యాయనిర్ణేత కౌశికి యను పరివ్రాజిక. ఆమె వారిని పట్టాలు చూపుమనదు. వారినే ఆడి చూపుమనియు ననదు. శిష్యులను ప్రవేశపెట్టుమనును. తనకు విద్య యుండుట యొకటి, దానిని ఒరులకు దింపుట మఱియొకటి. రెండును గలవాడే ఆచార్యులలో మేటియని ఆమె మతము. అయితే ఆ పరీక్ష వెనుక, రాజుగారు మాళవికను కన్నులార చూడవలెనను కోరికయు, అందుకై విదూషకుడు నడపిన తంత్రమును కలవు. పరీక్ష పేరొకటి, పని యొకటి యగుట యిప్పటి వింత కాదన్నమాట. అయినను కౌశికి చెప్పిన కొలబద్ద సరియైనదే. ఒక బాలిక ధైర్యముతో వచ్చి చెప్పుకొనగలిగిన టీచరు, విని యేమి చేయవలెనో తెలిసిన టీచరు, ఆ కొలతకు నిలిచిరి. పదునెనిమిది పత్రముల మాస్టరు నిలువలేదు.

మేము కోరునవి గొప్పవి కావు. ఆ 50 గంటలలో సగమైనను బడివేళలలోనే, పనిలో భాగముగా నుండనిండు. నెలకొకమాఱు చుట్టుపట్ల బడులవారు కలిసికొను స్కూలు కాంప్లెక్సు సమావేశములో లెక్కలు చదువుట తగ్గించి, ఒక కోర్సులోని ఒక్క పాఠమును నలుగురు కలిసి చర్చింపనిండు. చివర నాలుగు జవాబులలో నొకటి నొక్కుటకు మారుగా, ఈ పాఠమువలన నీ తరగతిలో ఏమి మార్చితివని అడిగి, వ్రాసినదానిని చదువు మనుష్యుని ఒకనిని ఆవల కూర్చుండబెట్టిన చాలును. ఎఱ్ఱసిరా రెండు వాక్యములు చేయు పనిని వేయి పత్రములు చేయవు.

గృహస్థులకు ఒకమాట. మీ యింట టీచరు కోడలుగానో భార్యగానో ఉన్నచో, ఆమె ఫోను పట్టుకొని కూర్చున్నప్పుడు "ఎప్పుడు చూచినా ఆ ఫోనే" అనకుడు. ఒక గంట గిన్నెలు మీరు తోముడు. ఆ గంటలో ఆమె నేర్చుకొనునది మీ బిడ్డకో, మఱియొకరి బిడ్డకో ఒకనాడు అడ్డుపడవచ్చును.

టీచరుగారి నోటుపుస్తకములు రెండును అడిగి తెచ్చుకొని, ఒక వేసవిసెలవులో మొదటినుండి చదివి, కావలసినవి మా చేతితో వ్రాసికొంటిమి. దానికి పత్రమేమియు రాలేదు. ఈ యేడు మఱియొక కోర్సు వచ్చినది. మా అమ్మాయి యిప్పుడు కళాశాలలో చదువుచున్నది. సెలవులకు వచ్చి, "లింకు పంపండి నాన్నా, అయిదు నిమిషాల్లో చేసిపెడతాను" అన్నది. "వద్దమ్మా, నేనే చూస్తాను" అంటిమి. అది మా ముఖమువంక ఒక్కక్షణము చూచి, ఏమియు అనక, దీపము మా బల్లదగ్గఱకు జరిపి పోయినది. మూడు రాత్రులు పట్టినది. పట్టికలో మా పేరు రెండు దినములు ఎఱ్ఱగా నిలిచినది. దానివలన మా కే నష్టమును కలుగలేదు.